ఈరీ కాలువ నీటిమెట్లు

పందొమ్మిదవ శతాబ్దారంభమున అమెరికా సంయుక్త రాష్ట్రముల తూర్పుతీరమునకును పడమటి భూములకును నడుమ అపలేషియన్ పర్వతపంక్తి అడ్డుగోడయై నిలిచియుండెను. ఆ కొండలకు ఆవల, మహాసరోవరముల ప్రాంతమున గోధుమ పండించిన రైతు తన ధాన్యమును న్యూయార్కు రేవునకు బండ్లపై పంపదలచినచో టన్నుకు సుమారు 100 డాలర్లు కిరాయి పెట్టుకొనవలసి వచ్చెడిది. కిరాయి ధాన్యపు వెలను మించిపోవుటచే, మోతబరువు తగ్గించుకొనుటకై గింజలను సారాయిగా కాచి అమ్ముకొన్న రైతులు అనేకులు.

పర్వతముల నడుమ ప్రకృతి విడిచిన సందు ఒకటి కలదు. అది మోహాక్ నది లోయ. ఆ లోయ వెంబడి హడ్సన్ నదినుండి ఈరీ సరస్సు వరకు కాలువ త్రవ్వవచ్చునని 1807లో వ్యాసములు వ్రాయ మొదలిడినవాడు జెస్సీ హాలీ యను పిండి వర్తకుడు. రవాణా వ్యయముచేతనే దివాలా తీసి, అప్పులవారి చెరసాలలో కూర్చుండి, ‘హెర్క్యులిస్’ అను మారుపేరుతో ఆయన వానిని ప్రకటించెను. జెఫర్సన్ అధ్యక్షుడు ఆ యోచనను ఉన్మాదప్రాయమని త్రోసిపుచ్చెను. కేంద్ర ప్రభుత్వము నిరాకరింపగా, గవర్నరు డివిట్ క్లింటన్ పట్టుదలతో న్యూయార్కు రాష్ట్రమే ఆ భారమును వహించి, 1817 జూలై 4వ తేదీన రోమ్ అను ఊరివద్ద పనికి పూనుకొనెను.

నీరు పల్లమెరుగునన్నది మన సామెత. సరస్సు హడ్సన్ మట్టముకన్న దాదాపు 570 అడుగుల ఎత్తున నున్నది. 363 మైళ్ల దూరము పడవలను ఎక్కించుచు దింపుచు నడపవలెనన్న లాకులు తప్ప గత్యంతరము లేదు. 40 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు గల ఆ కాలువపై 83 లాకులు కట్టిరి. ధవళేశ్వరమున పడవపై ప్రయాణించిన మన గోదావరివాసులకు ఈ సాధనము కొత్తది కాదు గాని, దానిలోని యుక్తిని నిలిచి చూచినవారు తక్కువ.

ఆనాటి ఈరీ కాలువ లాకు 90 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల రాతితొట్టి. దానికి ఎగువను దిగువను కొయ్యతలుపులు జంటజంటలుగా నుండును. దిగువనుండి వచ్చిన పడవ లోనికి చేరగానే వెనుక తలుపులు మూసి, ఎగువ తలుపులలోని చిన్న తూములు తెరతురు. నీరు జొరబడి, లోపలి మట్టము ఎగువ మట్టముతో సమమగునంతవరకు పడవను తేల్చి ఎత్తును. ఈ తలుపు రెక్కలు ఇంటి తలుపులవలె ఒకే వరుసలో తిన్నగా కలియవు. ఎగువ దిశకు మొనచేసికొని, కోణముగా ఒకదానికొకటి ఆనుకొనును. కనుక ఎగువ నీరు ఎంత బలముగా నెట్టునో అవి అంత గట్టిగా బిగిసికొనును. 8 అడుగుల తేడా ఉన్నప్పుడు వానిపై పడు ఒత్తిడి 10 టన్నులకు మించును. అప్పుడు వానిని తెరచుట ఎవరి తరమును కాదు. మట్టములు సమమైన మరుక్షణమే, తలుపుపై అమర్చిన పొడుగాటి దూలమును ఒక్క మనిషి వీపుతో నెట్టి తెరువగలడు. ఆవిరి లేదు, బొగ్గు లేదు. నీటిని బంధించుటకు నీటినే కావలి పెట్టిన ఈ ఉపాయము పదునైదవ శతాబ్దమున మిలాను నగరపు కాలువలకై లియొనార్డో డ విన్చి రూపొందించినదని ప్రసిద్ధి. నా దృష్టిలో ఇంతటి సొగసైన యంత్రములు మానవచరిత్రలో బహుకొద్ది.

అయినను యుక్తి తెలిసినంత మాత్రమున లాకు నిలువదు. ఆ కాలమున అమెరికాలో ఇంజనీరింగు విద్య శైశవదశలో నుండెను. పనిని నడపిన బెంజమిన్ రైటు, జేమ్సు గెడ్డెసులు భూమి కొలతలు తెలిసిన న్యాయాధికారులు మాత్రమే. వారి యువసహాయకుడు కాన్వాస్ వైటు ఇంగ్లండుకు పోయి, అచటి కాలువల గట్లవెంట నడచి, కట్టుబడులు పరికించి, పటములు గీసికొని వచ్చెను. రాళ్లను అతుకు మామూలు సున్నము నీటిలో గట్టిపడదు. గట్టిపడునట్టిది సముద్రము దాటించి తెప్పించుట దుర్భరవ్యయము. చిట్టెనాంగో సమీపమున కాలువదారికి చేరువలోనే దొరకిన ఒక జాతి సున్నపురాతిని కాల్చి, పొడిచేసి, నీట కలిపి పరీక్షింపగా అది నీటి అడుగుననే రాయియై బిగిసికొనెను. దీనికి వైటు 1820లో పేటెంటు పొందెను గాని, గుత్తేదారులు పలువురు ఆయనకు రుసుము చెల్లింపకయే వాడుకొనిరి. ఆ 83 లాకుల రాళ్ల నడుమ నిలిచినది ఆయన పరిశ్రమయే; కాలువ కీర్తిలో మాత్రము అధికభాగము గవర్నరు క్లింటనుకు దక్కినది. ఇది నాకు న్యాయముగా తోచదు. మాంటెజూమా బురదనేలలలో 1819లో జ్వరములపాలైన కూలీల పేర్లైతే ఏ శిలాఫలకముపైనను లేవు.

అన్నింటికన్న కఠినమైన ఘట్టము లాక్‌పోర్టు. అచట అరువది అడుగుల రాతిగట్టు అడ్డువచ్చెను. నేథన్ రాబర్ట్సు ఐదు లాకులను మెట్లవలె ఒకదానిపై నొకటి పేర్చి, ఎక్కు పడవలకును దిగు పడవలకును వేర్వేరు వరుసలు కట్టించెను.

1825 అక్టోబరు 26న కాలువ సంపూర్ణముగా తెరువబడెను. టన్ను కిరాయి 100 డాలర్లనుండి 10 డాలర్లకు లోపు దిగజారెను. దాదాపు 70 లక్షల డాలర్ల నిర్మాణవ్యయమును పడవల సుంకములే పన్నెండేండ్లలో తీర్చివేసెను. రోచెస్టరు పిండిమరలకు, సిరక్యూసు ఉప్పుకు ప్రసిద్ధికెక్కెను. బఫెలో రేవున ధాన్యము ఎంతగా పోగయ్యెననగా, కూలీల వీపులు చాలక, 1842లో జోసెఫ్ డార్టు ఆవిరియంత్రముతో తిరుగు పట్టాకు బకెట్లు తగిలించి ఓడలనుండి గింజలు తోడు ధాన్యాగారమును నిర్మించెను. పడమటి సరకంతయు న్యూయార్కు రేవునకే ప్రవహించెను. ఈ ఐశ్వర్యమునకు మూల్యము చెల్లించినవారు ఇరోక్వాయి జాతులవారు. వలసవచ్చిన రైతులకు వారి పూర్వికుల భూములు దఖలుపడగా, వారు చిన్నచిన్న రిజర్వులకు నెట్టబడిరి.

1836లో కాలువను విస్తరించుట ఆరంభించి, 1862 నాటికి 70 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతు చేసిరి. లాకులు పెద్దవై, సంఖ్య 72కు తగ్గెను. రైలుబండ్లు పోటీకి రాగా 1882లో సుంకములు ఎత్తివేసిరి. 1918లో మరపడవలకై వెడల్పైన కొత్త కాలువ సిద్ధమయ్యెను; లాక్‌పోర్టులో రెండు పెద్ద విద్యుత్ లాకులు పాత జంటలో ఒక వరుసను తొలగించి కూర్చుండగా, రెండవ వరుస మిగులునీరు పారుటకు విడువబడెను.