ఫిరంగి మనది, మరి విడిభాగం?

విశాఖ ఆర్‌కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కురుసుర మ్యూజియం చూడని పిల్లలు ఉత్తరాంధ్రలో తక్కువే. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001 దాకా సేవ చేసింది. ఆ మరుసటి ఏడాదే ఒడ్డుకు చేరి మ్యూజియంగా మారింది. 1971 యుద్ధంలో అది చేసిన పని గురించి అందరూ చెప్పుకుంటారు. దాని జీవితంలో అంతగా ఎవరూ చెప్పుకోని ఘట్టం ఇంకొకటి ఉంది. కొన్నాళ్ళపాటు దాన్ని పక్కన నిలిపేసి, భాగాలు ఊడదీసి, తోటి జలాంతర్గాములకు బిగించారు. 1980లో మరమ్మతు మొదలుపెట్టి, 1982లో గాని మళ్ళీ సేవలోకి తేలేకపోయారు. ఒకదాన్ని విప్పి ఇంకొకదాన్ని నడిపించే ఈ పద్ధతిని నౌకాదళంలో కానిబలైజేషన్ అంటారు. విడిభాగం సమయానికి అందనప్పుడు సైనికుడికి మిగిలే ఆఖరి దారి అదే.

కురుసుర కథ పాతదే గాని సమస్య పాతబడలేదు. తూర్పు నౌకాదళానికి విశాఖ 1968 నుంచి కేంద్రం. నగరంలో రోజూ వేలమంది దాటే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు కూడలికి ఆ పేరు నౌకాదళ ఆయుధ డిపో వల్లే వచ్చింది. ఈ తీరంలో లంగరు వేసే యుద్ధనౌకలు చాలావరకు మన యార్డుల్లో కట్టినవే అయినా, వాటి మీది ఫిరంగుల పుట్టిళ్ళు ఎక్కువగా ఇటలీలోనో రష్యాలోనో ఉంటాయి. 2014లో విశాఖలోనే సేవలో చేరిన ఐఎన్‌ఎస్ కమోర్తానే చూడండి. ముందు భాగాన ఉన్న 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఇటలీకి చెందిన ఓటో మెలారా డిజైను. దగ్గరికొచ్చే క్షిపణుల్ని అడ్డుకునే ఆరు గొట్టాల ఏకే-630 రష్యా డిజైను. ఆయుధం చేతికొచ్చిన రోజు పత్రికల్లో ఫొటోలు వస్తాయి. ఆ తర్వాత పాతిక, ముప్పై ఏళ్ళపాటు దానికి కావలసిన స్ప్రింగు, సీలు, సర్క్యూట్ కార్డు ఎవరిస్తారన్నది ఆనాడు ఎవరికీ పట్టదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ఫిరంగిలో అరిగేదేమిటి?

ఫిరంగిని ఒక్కసారి కొంటే చాలు, గుండ్లు ఉన్నంతకాలం పేలుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పేలిన ప్రతిసారీ అది కొంత అరుగుతుంది. మందు మండినప్పుడు గొట్టంలో పుట్టే వాయువుల వేడి రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి, ఒత్తిడికి లోపలి గాడులు మెల్లగా కరిగిపోతాయి. గాడులు అరిగితే గుండు సరిగ్గా తిరగదు, గురి చెదురుతుంది. అందుకే ప్రతి గొట్టానికీ ఇన్ని గుండ్లు అని ఆయుష్షు కడతారు. 76 మిల్లీమీటర్ల సూపర్ ర్యాపిడ్ ఫిరంగి నిమిషానికి 120 గుండ్లు పేల్చగలదు. ఏకే-630 వేగం నిమిషానికి దాదాపు 5 వేల తూటాలు. అంత వేగంలో గొట్టాల మీద, గుండ్లు అందించే యంత్రాంగం మీద ఎంత భారం పడుతుందో ఊహించుకోవచ్చు.

పేల్చకపోయినా అరిగేవి ఉన్నాయి. ఫిరంగిని తిప్పే హైడ్రాలిక్ గొట్టాలు, రబ్బరు ఓ-రింగులు గోదాములో ఉన్నా గట్టిపడి పగుళ్ళిస్తాయి. వాటికి గడువు తేదీ ఉంటుంది. పైగా సముద్రపు ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. గురిని లెక్కగట్టే ఎలక్ట్రానిక్ కార్డుల్లోని చిప్‌లను కొన్నేళ్ళకు తయారీదారే ఆపేస్తాడు. గ్యాస్కెట్ పోయిన కుక్కరు ఎంత ఖరీదైనదైనా అన్నం ఉడకదు. వందల కోట్ల నౌక మీది ఫిరంగి కూడా వందల రూపాయల సీలు లేక మూగబోతుంది.

నౌకాదళం ఈ విడిభాగాలను రెండు అంచెలుగా దాచుకుంటుంది. సముద్రం మధ్యలో నావికులే మార్చుకోగలిగిన వాటిని నౌకలోనే ఉంచుతారు. పెద్ద మరమ్మతుకు కావలసినవి తీరంలోని గోదాముల్లో, డాక్‌యార్డులో ఉంటాయి. ఏవి ఎన్ని కొనాలో చెప్పే జాబితాను మొదట ఇచ్చేది ఆయుధం అమ్మిన కంపెనీయే. ఆ జాబితా ఐరోపా చలి సముద్రాల అనుభవంతో తయారై, బంగాళాఖాతం వేడికీ తేమకూ సరిపోకపోతే, ఎక్కువ కొన్నవి మూలన పడి ఉంటాయి, అవసరమైనవి ముందే అయిపోతాయి.

అమ్మినవాడు ఎందుకు పలకడు?

సెల్‌ఫోను డిస్‌ప్లే పగిలితే విశాఖ డాబాగార్డెన్స్‌లో గంటలో వేయించుకోవచ్చు. ఫిరంగి భాగానికి ఆ సౌలభ్యం లేదు. మన ఆయుధాల చట్టం 1959 ప్రకారం ఆయుధం అంటే దాని భాగాలు కూడా. కనుక ప్రభుత్వం తప్ప మరెవరూ లైసెన్సు లేనిదే వాటిని దేశంలోకి తేలేరు. అటువైపు అమ్మే దేశానికీ ఎగుమతి చట్టాలు ఉంటాయి. ఫలానా సైన్యమే వాడుతుంది, మూడో మనిషికి ఇవ్వదు అని హామీపత్రం రాసిస్తే తప్ప చిన్న పిన్ను కూడా కదలదు.

రెండో కారణం వ్యాపారం. కొత్త ఫిరంగి అమ్మేటప్పుడు నలుగురు పోటీదారులుంటారు, ధర తగ్గుతుంది. కొన్న మరునాటి నుంచి విడిభాగాలు అమ్మేది ఒక్కడే. డ్రాయింగులు, లోహపు పాళ్ళు, కొలతల్లో అనుమతించే తేడా అన్నీ వాడి దగ్గరే ఉంటాయి. కాబట్టి ధర వాడు చెప్పిందే, గడువు వాడు పెట్టిందే. పది సీళ్ళు కావాలంటే కనీసం వంద కొనాలంటాడు. పాడైన కార్డును వాళ్ళ ఫ్యాక్టరీకి పంపి బాగుచేయించుకోవాలంటే రాకపోకలు, కస్టమ్స్, అనుమతులు కలిసి నెలలు గడుస్తాయి. ఆ ఫ్యాక్టరీ పాత మోడలు లైను మూసేసి ఉంటే, జవాబే రాదు.

అసలు భాగం దొరకనప్పుడు నకిలీ తలెత్తుతుంది. మన దేశంలోనే చేసిన ధనుష్ ఫిరంగికి జర్మనీ తయారీ అని చెప్పి చైనా బేరింగులు అంటగట్టారన్న ఆరోపణపై సీబీఐ 2017లో కేసు నమోదు చేసింది. పేలుడు ఒత్తిడిని మోసే యంత్రంలో నాసిరకం భాగం పడితే పోయేది పక్కన నిలబడ్డ జవాను ప్రాణం.

రాజకీయం అడ్డుపడినప్పుడు

మూడో కారణం కంపెనీ చేతిలో కూడా ఉండదు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ 15 దేశాలుగా విడిపోయింది. అప్పటికి విశాఖలోని నౌకలు, జలాంతర్గాములు చాలావరకు అక్కడివే. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ తరగతి నౌకలను కట్టిన మికొలాయివ్ నగరం ఉక్రెయిన్‌కు పోయింది. నౌకల గ్యాస్ టర్బైన్లు చేసే ఫ్యాక్టరీ కూడా అక్కడే ఉంది. ఒకే యంత్రానికి ఒక భాగం రష్యాలో, ఇంకొకటి ఉక్రెయిన్‌లో అడగాల్సి వచ్చింది. ఆ రెండు దేశాలు ఇప్పుడు యుద్ధంలో ఉన్నాయి. 2024 డిసెంబరులో రష్యాలో మనకు అప్పగించిన ఐఎన్‌ఎస్ తుషిల్‌కు ఉక్రెయిన్ టర్బైన్లను మనమే విడిగా కొని రష్యా యార్డుకు ఇవ్వాల్సి వచ్చిందంటే చిక్కు ఎంతటిదో అర్థమవుతుంది.

1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. మన నౌకాదళపు సీకింగ్ హెలికాప్టర్లు బ్రిటన్‌లో తయారైనవి. అయినా వాటిలో అమెరికా భాగాలు ఉండటంతో అవీ ఇబ్బంది పడ్డాయి. అమ్మిన దేశం ఒకటి, ఆపిన దేశం ఇంకొకటి.

ఒక్కోసారి తలుపు మనమే మూసుకుంటాం. వీవీఐపీ హెలికాప్టర్ల ఒప్పందంలో లంచాల ఆరోపణలు రావడంతో 2014లో ఆ ఒప్పందాన్ని రద్దుచేసి, ఇటలీకి చెందిన ఫిన్‌మెకానికా గ్రూపుతో కొత్త లావాదేవీలపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. ఓటో మెలారా ఆ గ్రూపులోదే. దాంతో 127 మిల్లీమీటర్ల ఫిరంగుల కొనుగోలు నిలిచిపోయింది. మన నగరం పేరు పెట్టుకున్న డెస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ విశాఖపట్నానికి మొదట అనుకున్నది ఆ పెద్ద ఫిరంగినే. 2021 నవంబరులో సేవలో చేరేనాటికి దాని మీద ఉన్నది 76 మిల్లీమీటర్లది. ఆ ఆంక్షలు తొలగింది కూడా అదే నెలలో.

బోఫోర్స్ కథ ఇంకా పాతది. 1986లో స్వీడన్ కంపెనీ నుంచి 410 ఫిరంగులను 1,437 కోట్ల రూపాయలకు కొన్నాం. మరుసటి ఏడాది లంచాల వివాదం బయటపడింది, కంపెనీతో సంబంధాలు తెగిపోయాయి. విడిభాగాలు దొరక్క కొన్ని ఫిరంగులను విప్పి మిగతావాటికి వాడుకోవాల్సి వచ్చింది. 1999లో కార్గిల్ కొండల మీద గెలుపుకు బాట వేసింది ఆ ఫిరంగులే. లంచగొండులను శిక్షించాల్సిందే, అందులో రాజీ లేదు. కాని ఆ శిక్ష సరిహద్దులో నిలబడ్డ జవాను మీద పడకుండా చూసే బాధ్యత కూడా ప్రభుత్వానిదే.

ఉక్కు నగరంలో ఉక్కు లేదా?

విశాఖలో ఉక్కు కర్మాగారం ఉంది కదా, గొట్టం ఇక్కడే పోయలేమా అని ఎవరికైనా అనిపిస్తుంది. మన స్టీల్ ప్లాంటు చేసేది ప్రధానంగా కడ్డీలు, వైరు రాడ్లు, నిర్మాణపు ఉక్కు. ఫిరంగి గొట్టానికి నికెల్, క్రోమియం, మాలిబ్డినం వంటివి కలిపి, మలినాలు తీయడానికి మళ్ళీ కరిగించి శుద్ధి చేసిన ఉక్కు కావాలి. దాన్ని పోత పోయరు, ఎర్రగా కాల్చి భారీ ప్రెస్సుల కింద సాగగొడతారు. ఆ తర్వాత గొట్టం లోపల విపరీతమైన ఒత్తిడి పెట్టి, లోపలి పొరను శాశ్వతంగా కొంచెం సాగేలా చేస్తారు. ఒత్తిడి తీసేశాక బయటి పొర లోపలి పొరను బిగించి పడుతుంది. ఆ బిగింపే పేలుడును తట్టుకుంటుంది. చివరికి గాడులు కోసి, క్రోమియం పూత వేస్తారు. ఈ విద్య మన దేశంలో కాన్పూరు ఫిరంగి ఫ్యాక్టరీలో ఉంది. మన దగ్గర ఉక్కుకు కొదవ లేదు. ప్రతి భాగానికీ డ్రాయింగు, పరీక్షా విధానం, తనిఖీ ముద్ర దొరకడంలోనే చిక్కు ఉంది.

అన్ని భాగాలకూ అంత కష్టం లేదు. బుషింగులు, పిన్నులు, బ్రాకెట్లు, సీళ్ళు, కేబుళ్ళు మంచి లేతు మిషను, నమ్మకమైన కొలత ఉంటే చేయగలిగినవే. గాజువాక ఆటోనగర్‌లో అలాంటి పని తెలిసిన టర్నర్లు, ఫిట్టర్లు ఎందరో ఉన్నారు.

దారి దొరికిన చోట్లు

ఫిరంగిని ఇక్కడే చేసే హక్కు తీసుకున్న చోట పరిస్థితి మారింది. హరిద్వార్‌లోని బీహెచ్‌ఈఎల్ ఇటలీ లైసెన్సుతో 76 మిల్లీమీటర్ల ఫిరంగులను మూడు దశాబ్దాలుగా చేస్తోంది. 2023 నవంబరులో మెరుగుపరచిన 16 ఫిరంగులకు రక్షణ శాఖ దానితో 2,956.89 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ రష్యా డిజైను మీద సైనిక వాహనాలను కట్టింది. ఆ వాహనాల 30 మిల్లీమీటర్ల గన్నే నౌకలకు తగ్గట్టు మారి, సీఆర్‌ఎన్-91గా గస్తీ నౌకలెక్కింది. బోఫోర్స్‌తో వచ్చి దశాబ్దాలపాటు బీరువాల్లో పడి ఉన్న డ్రాయింగులను జబల్‌పూర్ ఫ్యాక్టరీ బయటికి తీశాకే ధనుష్ పుట్టింది. మొదటి ఆరు 2019 ఏప్రిల్‌లో సైన్యానికి చేరాయి. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించగా భారత్ డైనమిక్స్ తయారుచేస్తున్న వరుణాస్త్ర టార్పెడో కూడా ఇదే సంగతి చెబుతుంది. డిజైను మనదైతే విడిభాగం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

రష్యా ఆయుధాల విడిభాగాలను ఇక్కడే కలిసి తయారుచేయడానికి 2019 సెప్టెంబరులో వ్లాదివస్తోక్‌లో రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. దిగుమతి చేసుకునే భాగాలను దేశీయ పరిశ్రమల ముందు పెట్టే సృజన్ పోర్టల్ 2020 ఆగస్టులో మొదలైంది. ఇవి మంచి అడుగులే. అయితే ఏడాదికి పాతిక సీళ్ళు కొంటామంటే ఏ చిన్న కంపెనీ అచ్చు చేయించుకోదు. ఆర్డరు కొన్నేళ్ళకు హామీగా ఇవ్వాలి, తనిఖీ రుసుములు తగ్గించాలి, డబ్బు సకాలంలో చెల్లించాలి.

కొనేముందు అడగాల్సినవి

తర్వాత పడే బాధలో ఎక్కువ భాగం సంతకం పెట్టే రోజే తప్పించుకోవచ్చు. నలుగురు పోటీదారులున్నంతసేపే కొనేవాడి మాట చెల్లుతుంది. పాతికేళ్ళ విడిభాగాల ధరలు, ఏటా ఎంత పెంచవచ్చో ఆనాడే రాయించుకోవాలి. పాడైన భాగాన్ని ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో, ఆలస్యమైతే ఎంత జరిమానానో పెట్టాలి. ఫలానా భాగం తయారీ ఆపేస్తున్నామని రెండు మూడేళ్ళ ముందే చెప్పాలని, ఆపేసిన రోజున దాని డ్రాయింగులు మనకు అప్పగించాలని షరతు ఉండాలి. తరచూ అరిగే భాగాలను ఇక్కడే చేసుకునే హక్కును ధరలో భాగంగానే తీసుకోవాలి. బ్యారెల్ ఆయుష్షు మన వేడిలో, మన ఉప్పుగాలిలో పరీక్షించి తేల్చాలి. ఏ వివాదం వచ్చినా వాడుకలో ఉన్న ఆయుధాల నిర్వహణ ఆగదన్న నియమం ముందే ఉండాలి.

ఇది రక్షణ శాఖ పెద్దల వ్యవహారమని మనం తప్పుకోవడానికి లేదు. ఆ డబ్బు మనందరి పన్ను. ఆ నౌకల మీద శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఎన్నో ఇళ్ళ పిల్లలు పనిచేస్తున్నారు. కొత్త ఆయుధం కొన్నారన్న వార్త వచ్చినప్పుడు ఎంతకు కొన్నారన్న ప్రశ్నతో ఆగకుండా, దాని విడిభాగం ఎవరి చేతిలో ఉందని మన ఎంపీలను, మన పత్రికలను అడగాలి. ఆ భాగం పరాయివాడి చేతిలో ఉన్నంతకాలం ఆ ఫిరంగి ఎప్పుడు పేలాలో నిర్ణయించేదీ వాడే. డబ్బు పోసి కొన్నది మన చెప్పుచేతల్లో ఉండాలంటే, దాన్ని బాగుచేసుకునే విద్య, హక్కు రెండూ మన డాక్‌యార్డులో ఉండాలి.