లారీ ఎక్కని సామాను

బదిలీ ఉత్తరువు చేతికందిన వారానికి, సామాను తరలించే సంస్థ మనిషి ఒకడు తెనాలిలోని మా ఇంటికి వచ్చినాడు. బీరువాలు కొలిచినాడు. పుస్తకాల అరలు చూచి ఒక నిట్టూర్పు విడిచినాడు. పిమ్మట ఒక అచ్చుకాగితం నా చేతికిచ్చి, "ఇందులోనివి మాత్రం మేము ఎక్కించమండి, మాస్టారూ" అన్నాడు.

మంచాలు, బల్లలు, బట్టలు వారికి సమ్మతమే. గ్యాసు సిలిండరు, కిరసనాయిలు, స్నానాల గది కడిగే ఆసిడ్, మిగిలిపోయిన రంగు డబ్బాలు, టపాకాయలు, బంగారం, నగదు, దస్తావేజులు, పూలకుండీలు, నూనె పచ్చళ్లు మాత్రం కూడవట. మా అమ్మగారికి ఎనభై రెండేళ్లు. అంతా విని ఆమె, "పొయ్యి వద్దు, తులసి వద్దు, ఊరగాయ వద్దు. ఇక కాపురమంటే మంచాలూ కుర్చీలేనట్రా?" అన్నది.

ప్రశ్న సమంజసమే. అయితే ఆ కాగితం రాసినవాడూ అమాయకుడు కాడు. ఇంటి సిలిండరులో 14.2 కిలోల వాయువును ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. నాలుగువైపులా మూసిన లారీ ఎండకు కాగితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కారిందా, గాలికన్న బరువైనది గనుక పైకి పోక సామాను అడుగున పేరుకొంటుంది. పసిగట్టడానికై మెర్కాప్టన్ అనే దుర్వాసన ద్రవ్యం కలుపుతారు గాని, మూసిన లారీలో వాసన చూచేవాడెవడు? ఖాళీ సిలిండరులోనూ కొంత వాయువు మిగిలే ఉంటుంది.

మా తమ్ముడు, "ఖాళీదే గదా అన్నయ్యా, బొంతలో చుట్టి పడవేద్దాం" అన్నాడు. కూలీలు ముగ్గురు ఆ లారీలోనే కూర్చొని రాత్రంతా ప్రయాణం చేయవలసినవారు. నేను ఒప్పుకోలేదు. రైలులోనూ అది నిషిద్ధమే. సిలిండరును, రెగ్యులేటరును ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్టు తిరిగి ఇచ్చి ఒక వోచరు రాసి ఇస్తారు. అది చూపి కొత్త ఊరిలో కనెక్షను తీసుకోవడమే రాజమార్గం.

విలువైన వస్తువుల సంగతి మరింత పాతది. 1865 నాటి క్యారియర్ల చట్టానికి ఒక పట్టిక ఉండేది. బంగారం, వెండి, ముత్యాలు, గడియారాలు, పట్టుబట్టలు, చందనం, కస్తూరి, హక్కుపత్రాలు మొదలైనవి అందులో చేరినవి. వాటి విలువ నూరు రూపాయలు మించినప్పుడు, ముందుగా ఆ విలువ చెప్పి ఒప్పగించకపోతే, పోయినా పాడైనా సామాన్యంగా రవాణాదారుకు బాధ్యత లేదు. ఆ చట్టం స్థానంలో 2007లో మరొకటి వచ్చినది. నేటి అచ్చుకాగితంలో కస్తూరి లేదు. బంగారం, హక్కుపత్రాలు మాత్రం కదలలేదు.

దస్తావేజుల విషయంలో నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని అనుభవం చెప్పవలెను. ఇంటి దస్తావేజును, తండ్రిగారి ఉత్తరాలను బీరువా సొరుగులోనే ఉంచి లారీ ఎక్కించినారు. దారిలో వాన కురిసినది. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజుకు నకలు దొరికినది. ఉత్తరాలకు నకలెక్కడిది? సిరా అంతా నీలిమరక. ఆయన ఆ కాగితాలను ఇప్పటికీ పారవేయలేదు.

ఇక తులసి. గాలీ వెలుతురూ లేని లారీలో, కుండీ ఒరిగి మట్టి ఒలికిపోగా, మొక్క బ్రతకదు. అమ్మ ఎండిన వెన్నులు నాలుగు తుంచి కొంగున ముడివేసుకొన్నది. ఆవకాయ పెట్టి ఇరవై రోజులైనా కాలేదు. జాడీ పగిలితే నూనె నా పుస్తకాలలోకి ఇంకుతుందన్న భయం నాకూ ఉన్నది. ఆ మాట పైకి అనలేదు. వాసెన గుడ్డ బిగించి, జాడీని రైలులో తన పాదాల మధ్యనే పెట్టుకొని వచ్చినది.

కర్నూలు ఇంట్లో పాలు పొంగించే వేళకు గ్యాసు ఇంకా రాలేదు. కరెంటు పొయ్యిపై గిన్నె పెట్టినాము. అమ్మ కొంతసేపు అనుమానంగా చూచి, పాలు పొంగగానే, "సరే, పొంగినవి గదా" అని అగరువత్తి వెలిగించినది. పెరటి గట్టున చల్లిన గింజలలో మూడు మొలిచినవి.