ఎడారి బావి, గాసిము ప్రాణము: ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చిత్రమును గూర్చి



నేడు మీతో ఒక యుద్ధచిత్రమును గూర్చి ముచ్చటింపదలచితిని. దాని పేరు ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’. డేవిడ్ లీన్ అను ఆంగ్లదర్శకుడు దీనిని 1962లో వెలువరించెను. ఏడు ఆస్కారు బహుమతులు దీనికి లభించినవి. ఇది మూడున్నర గంటలకు మించి నడచును. తొందరగలవా రీ చిత్రమును చూడలేరు. కళ్లములో ధాన్యము తూర్పారబట్టువాడు గాలికొరకు వేచియుండునట్లు వేచియుండగలవారికే ఇది ఫలించును.

ముందుగా కథకు ఆధారమైన చరిత్ర కొంత చెప్పవలెను. 1914లో మొదలైన మహాయుద్ధమున తుర్కులు జర్మనీపక్షమున చేరిరి. అప్పటికి అరబ్బుల దేశములు పెక్కు తుర్కుల యేలుబడిలో నుండెను. 1916లో మక్కా షరీఫు హుస్సేను తుర్కులపై తిరుగబడెను. ఆయన కుమారుడైన ఫైసలు సేనను నడపెను. ఆ ఫైసలునకు సహాయముగ ఇంగ్లీషువారు పంపినవారిలో టి. ఇ. లారెన్సు ఒకడు. ఇతడు 1888లో పుట్టినవాడు; ప్రాచీనశిథిలములను త్రవ్వు పనిలో సిరియాప్రాంతమున మెలగి అరబ్బీభాష నేర్చినవాడు. అరబ్బులకు స్వాతంత్ర్యము వచ్చునని ఇంగ్లీషువారు ఆశపెట్టిరి. ఆ 1916లోనే ఆ దేశములను తామును ఫ్రెంచివారును పంచుకొనుటకు రహస్యముగ ఒడంబడిక వ్రాసికొనిరి. ఈ రెండు నాల్కల మాట కథయంతట లోలోన నిప్పువలె రగులుచుండును.

మనకును ఈ యుద్ధముతో కొంత సంబంధము గలదు. 1918లో పాలస్తీనా రంగమున హైదరాబాదు సంస్థానపు ఆశ్వికదళము మైసూరు, జోధపురపు దళములతో కలసి పనిచేసెను. ఢిల్లీలోని తీన్‌మూర్తి ఆ మూడు దళముల స్మారకమే. చిత్రకథ మాత్రము ఆ దారిని పోదు. దాని చూపంతయు లారెన్సుమీదనే.

ఇక చిత్రమునకు వత్తము. కైరోనగరపు కార్యాలయములో లారెన్సు వెలుగుచున్న అగ్గిపుల్లను వ్రేళ్ల నడుమ నిలుపుకొని నోట ఊదును. ఊదినంతనే తెరనిండ ఎడారి! దిగంతమున ఎఱ్ఱని కాంతి, ఇంకను పొడువని సూర్యుడు. ఎవరును పలుకరు. సూర్యుడు మెల్లగ పైకి వచ్చును. ఆ కాలమున సాధారణముగా 35 మిల్లీమీటర్ల ఫిలింపై చిత్రములు ముద్రించెడివారు. దీనిని అంతకు రెట్టింపైన 70 మిల్లీమీటర్ల ఫిలింపై ముద్రించి పెద్దతెరపై చూపిరి. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్. జోర్డానులోను, మొరాకోలోను, స్పెయినులోను చిత్రమును తీసిరి. చిన్నతెరపై చూచినచో ఈ ఇసుకవిస్తీర్ణము సగము చచ్చిపోవును.

బావిదగ్గరి ఘట్టమును జాగ్రత్తగా చూడుడు. దారి చూపువానితో కలసి లారెన్సు ఒక బావిని చేరి నీరు త్రాగుచుండును. దూరమున ఎండమావులలో చీమతలంత నల్లని చుక్క కనబడును. సంగీతము లేదు. ఆ చుక్క గీతయగును, గీత ఒంటెయగును, ఒంటెపై నల్లని వస్త్రముల మనుష్యుడు తేలును. దారి చూపువాడు తుపాకి తీయబోవును. అంతలో అవతలినుండి గుండు వచ్చి వానిని కూల్చును. వచ్చినవాడు షెరీఫ్ అలీ. ఈ పాత్రను ధరించినవాడు ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్. చంపుటకు కారణ మేమి? బావి అలీ తెగవారిది. త్రాగినవాడు వేరు తెగవాడు. అంతియే. నీటితగవు లెరిగిన మీకు దీనిని నేను వివరింపనక్కరలేదు. తెగలుగా చీలి కొట్టుకొనుచున్నంతకాలము మీరు అల్పులే, క్రూరులే యని లారెన్సు అలీని నిందించును. క్రూరుడను మాట చివరకు ఎవనిని చేరునో కనిపెట్టి యుండవలెను.

అకబా రేవుపట్టణములో తుర్కుల ఫిరంగులు సముద్రమువైపు తిరిగియున్నవి. వెనుకనుండి, నెఫూదు ఎడారిని దాటి వచ్చిపడిన గెలువవచ్చునని లారెన్సు తలచును. దాటుచుండగా రాత్రివేళ గాసిము అనువాడు ఒంటెపైనుండి జారిపడును, ఎవరును గమనింపరు. తెల్లవారిన పిదప తెలిసినను వెనుకకు పోరాదని, వాని ఆయువు తీరినదని, అది దైవలిఖితమని అలీ చెప్పును. లారెన్సు వినక ఒంటరిగా వెనుకకు మరలి, చావునకు సిద్ధమైన గాసిమును తెచ్చును. దైవము, పురుషకారము అని మన పెద్దలు వాదించు వాదమే ఇది. ఇక్కడ పురుషకారము గెలిచినట్లు తోచును. అరబ్బులు లారెన్సునకు తమ తెల్లని వస్త్రములను తొడిగింతురు. గాసిము వేషము వేసినవాడు మన హిందీచిత్రములలో హాస్యనటుడుగా పేరొందిన ఐ. ఎస్. జోహర్.

అకబాపై పడుటకు ముందటి రాత్రి సేనలో ఒక హత్య జరుగును. చంపినవాడొక తెగ, చచ్చినవాడొక తెగ. పగ తీర్చుకొన్నచో రెండు తెగలును కొట్టుకొనును, సేన చెదరును. తనకు తెగ లేదు గనుక దండన తానే విధింతునని లారెన్సు పలికి తుపాకి తీయును. దోషి తలయెత్తును. వాడు గాసిమే! లారెన్సు కాల్చును, మరల మరల కాల్చును. తాను బ్రదికించిన ప్రాణమును తానే తీసెను. తరువాత కైరోలో సేనాపతియెదుట ఒక మాట ఒప్పుకొనును: చంపుటలో తనకు సుఖము కలిగినదట. వినువారు గతుక్కుమందురు. ఈ చిత్రమున నాకు అన్నిటికంటె విలువైనది ఈ ఒప్పుకోలే. వీరకథలలో వీరుడు శత్రువునకు భయపడడు. ఇందలి వీరుడు తనకు తానే భయపడును.

ఇది జరిగినదా యని మీరడుగవచ్చును. లారెన్సు తన గ్రంథములో గాసిమును కాపాడుటయు వ్రాసెను, తగవు తీర్చుటకై ఒకని కాల్చుటయు వ్రాసెను. కాని కాల్చబడినవాడు గాసిము కాడు, హమెదు అను మరియొకడు. అదియు గాసిము సంగతికంటె ముందు జరిగినది. రాబర్ట్ బోల్ట్, మైకేల్ విల్సన్ అను రచయితలు వ్రాసిన ఈ చిత్రకథలో ఆ రెండును ఒక్కటిగ కలిసినవి. చరిత్రకారుడు దీనికి ఒప్పుకొనడు. నేను ఒప్పుకొందును, ఈ ముడితో గాని ఆ మనుష్యుని లోపలి చీలిక మన కగపడదు.

అన్నింటిని ఒప్పుకొనుమనుట లేదు. లారెన్సు పొట్టివాడు, వేషధారి పీటర్ ఓటూల్ ఆజానుబాహువు. అది పోనిండు. అకబా 1917 జూలై 6వ తేదీన లొంగినమాట నిజమే. అసలు పోరు మాత్రము అంతకుముందు దూరమున అబూ అల్ లిసాను వద్ద జరిగెను. ముఖ్యమైన అరబ్బుల పాత్రలలో ఫైసలు వేషము ఆంగ్లేయుడైన అలెక్ గిన్నిసునకు, ఔదా వేషము ఆంథొనీ క్విన్నునకు ఇచ్చిరి. ఒక్క స్త్రీయైనను నోరు విప్పదు. దమాస్కసును పట్టిన తరువాత అరబ్బులు సభలో అరచుకొనుటయే గాని దీపములను, నీటిని నడుపలేరని చూపిరి. ఇది నాకు న్యాయముగ తోపలేదు. ఫైసలును 1920లో దమాస్కసునుండి వెడలగొట్టినది ఫ్రెంచిసేన గదా. మరుసటియేడు ఆయన ఇరాకునకు రాజయ్యెను.

చివర ఫైసలును సేనాపతియు బేరమాడుచుందురు. లారెన్సుతో వారికి పని తీరినది. అతనిని మోటారుబండిలో ఎక్కించి పంపుదురు. దారిలో ఒంటెలపై పోవు అరబ్బులు కనబడగా అతడు లేచి నిలుచును, బండి ఆగదు. ఇంతలో ఒక మోటారుసైకిలు దుమ్ము లేపుచు వారిని దాటిపోవును. చిత్రారంభమున, 1935లో, లారెన్సు మోటారుసైకిలుపైనుండి పడి చనిపోవుటను మనము చూచియే యున్నాము.