గుండ్రని పేక: గంజీఫా కథ

పేక ముక్క అనగానే నలుచదరపు అట్టముక్క కన్నుల ముందు మెదలుతుంది. కాని ఒకప్పుడు మన దేశంలో పేక ముక్క నాణెంవలె గుండ్రంగా ఉండేది. చిత్రకారుడు ఒక్కొక్క ముక్కను చేతితో చిత్రించేవాడు. ఆ పేకకు గంజీఫా అని పేరు.

ఈ ఆట పశ్చిమాసియానుండి వచ్చినది. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్రాసాదంలో ఈజిప్టు మమ్లూకుల కాలపు పేక ఒకటి భద్రంగా ఉన్నది. అందులో నాలుగు రంగులు, వాని ముక్కలలో ఒకదానిపై ‘కంజీఫా’ అను పదం కలవు. ఐరోపా పేకకు మూలం కూడ ఈ మమ్లూకు పేకయే. అనగా గంజీఫా, నేటి 52 ముక్కల పేక దాయాదులన్నమాట.

1527లో బాబరు సింధు పాలకుడైన షా హసన్‌కు గంజీఫా పంపినట్లు తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. అక్బరు కాలానికి 12 రంగులు, 144 ముక్కల పేక వాడుకలో ఉండేదని అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో వర్ణించినాడు. అందలి రాజుల పేర్లలో అశ్వపతి, గజపతి, నరపతి ఉన్నవి. తెలుగు చరిత్ర చదివిన విద్యార్థికి ఈ బిరుదులు క్రొత్తవి కావు. పరదేశపు ఆట ఈ నేలపై ఎంత త్వరగా వేళ్లూనినదో ఈ పేర్లే చెప్పుచున్నవి.

తరువాత 8 రంగుల 96 ముక్కల పేక ప్రసిద్ధమైనది. రంగు ఒక్కంటికి రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివరకు అంకెల ముక్కలు. ముగ్గురు ఆడుదురు, తలకు 32 ముక్కలు. సగం రంగులలో పది పెద్దది. తక్కిన సగంలో ఒకటి పెద్దది. తురుపు లేదు. ఏ రంగులో ఏ ముక్క వెళ్లిపోయినదో, ఏది మిగిలినదో గుర్తుంచుకొన్నవానిదే గెలుపు. పగటిపూట బంగారు నాణెపు రాజు గలవాడు, రాత్రివేళ వెండి నాణెపు రాజు గలవాడు ఆట ప్రారంభించేవారు.

హిందువులు దీనిని దశావతార గంజీఫాగా మలచుకొన్నారు. పది అవతారాలు పది రంగులు; మొత్తం 120 ముక్కలు. ఇక్కడ పగలు రాముడు, రాత్రి కృష్ణుడు ముందు నడుచును. మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు 19వ శతాబ్దిలో ఇంకను పెద్ద పేకలను కల్పించినాడు.

రాజులకు దంతపు ముక్కలు; సామాన్యులకు గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికి, రంగులు వేసి, లక్క పూసిన ముక్కలు. తెలుగు దేశంలో నిర్మల చిత్రకారులు ఈ పనిలో పేరు గాంచినారు.

అచ్చుయంత్రంపై చౌకగా తయారైన ఐరోపా పేక వచ్చి ఈ పనికి గిరాకీ లేకుండ చేసినది. మహారాష్ట్రలోని సావంత్‌వాడీలో ఈ విద్య కొడిగట్టుచుండగా, అక్కడి రాజకుటుంబమే వృద్ధ చిత్రకారుని వద్ద దానిని నేర్చుకొని, ప్రాసాదంలోనే పని సాగించి నిలబెట్టినది. అయితే నేడు ఆ ముక్కలను కొనువారిలో పెక్కుమంది వానిని అద్దాల చట్రంలో బిగించి గోడకు వ్రేలాడదీయుదురు. ఆట తెలిసినవారు ఒడిశా వంటి కొన్ని తావులలో కొద్దిమంది మాత్రమే మిగిలినారు.

బొమ్మను కాపాడిన శ్రద్ధ ఆటకు కూడ దక్కవలసి ఉన్నది. పది రంగులు కోసిన అట్టముక్కలు, పది అవతారాల గుర్తులు, ముగ్గురు విద్యార్థులు ఉన్నచో ఏ పాఠశాలలోనైనను ఈ ఆట మరల మొదలు కావచ్చును.