పిన్‌కోడ్ కొడితే ఊరి పేరు... ఒక్క టెక్స్ట్ ఫైల్ చాలు!

షాపింగ్ యాప్‌లో పిన్‌కోడ్ కొట్టగానే ఊరి పేరు టక్కున వచ్చేస్తుంది కదా! 520001 అంటే విజయవాడ, 530001 అంటే విశాఖపట్నం. ఇలా ‘ఇది ఇస్తే అది చెప్పు’ అనే పద్ధతిలో సమాచారాన్ని దాచేదే కీ-వాల్యూ డేటాబేస్. ఇక్కడ పిన్‌కోడ్ కీ, ఊరి పేరు వాల్యూ.

ఇలాంటి పనికి పెద్ద డేటాబేస్ సర్వరే అక్కర్లేదు. ఒక టెక్స్ట్ ఫైల్, ఒక చిన్న కమాండ్ ఉన్నా సరిపోతుంది. ఆ కమాండ్ పేరు ‘సీడీబీమేక్’. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ రాసిన డి.జె. బెర్న్‌స్టీనే దీన్నీ రాశారు. సీడీబీ అంటే కాన్‌స్టంట్ డేటాబేస్... అంటే మారని డేటాబేస్.

టెక్స్ట్ ఫైల్‌లోనే వెతకొచ్చుగా?

వెతకొచ్చు. కానీ కంప్యూటర్ మొదటి లైన్ నుంచి చదువుకుంటూ రావాలి. పదివేల లైన్లుండి, మీకు కావాల్సింది చివర్లో ఉంటే పదివేలూ చదవాల్సిందే. ఒక్కసారికైతే ఫర్వాలేదు. సెకనుకి వందల మంది అడిగితే?

సీడీబీమేక్ ప్రతి కీనీ ఒక లెక్కలో వేసి ఓ నంబర్ తీస్తుంది. దాన్నే హాష్ అంటారు. మొత్తం 256 పట్టికల్లో ఎందులో చూడాలో ఆ నంబరే చెబుతుంది. రికార్డు ఫైల్‌లో ఎక్కడుందో ఆ పట్టిక చెబుతుంది. రైల్లో కోచ్ నంబర్, సీటు నంబర్ చూసుకుని నేరుగా వెళ్లి కూర్చున్నట్టన్నమాట! ఫైల్ ఎంత పెద్దదైనా మామూలుగా డిస్క్‌ని రెండుసార్లు చదివితే జవాబు దొరుకుతుంది. ఆ కీ అసలు లేకపోతే ఒక్కసారికే తేలిపోతుంది. ఇందుకు అదనంగా పట్టే చోటు రికార్డుకి 24 బైట్లు, ఫైల్ మొదట్లో 2048 బైట్లు. అంటే పదివేల రికార్డులకి 2,42,048 బైట్లే!

తెలుగులో రాస్తే జాగ్రత్త

సీడీబీమేక్‌కి ఇచ్చే ఫైల్‌లో ఒక్కో రికార్డు ఇలా ఉంటుంది:

+6,21:520001->విజయవాడ

6 అనేది కీ పొడవు. మరి ‘విజయవాడ’కి 21 ఏంటి? కంటికి కనిపించేవి ఐదక్షరాలే. కానీ గుడి, దీర్ఘం విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి మొత్తం ఏడు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు. ఇక్కడ పొడవంటే బైట్ల లెక్క, అక్షరాల లెక్క కాదు. అది తప్పితే ఫైల్ తయారవ్వదు. అందుకే ఈ ఫైల్‌ని చేత్తో రాయకుండా చిన్న స్క్రిప్ట్‌తో రాయించడం మేలు.

సగం ఫైల్ ఎవరికీ కనిపించదు

వేగం కంటే నాకు నచ్చేది ఇది. మెయిల్ సర్వర్ ఈ ఫైల్ చూసే ఉత్తరాలు పంచుతోందనుకోండి. సరిగ్గా అప్పుడే మీరు దాన్ని మారుస్తుంటే? సగం రాసిన ఫైల్ చదివితే, ఉన్న చిరునామా కూడా లేదనిపించి ఉత్తరం వెనక్కి పోవచ్చు.

సీడీబీమేక్ ముందు వేరే పేరుతో తాత్కాలిక ఫైల్ తయారు చేస్తుంది. అంతా పూర్తయ్యాకే దానికి అసలు పేరు పెడుతుంది. చదివేవాళ్లకి దొరికితే పాతది పూర్తిగా, లేదంటే కొత్తది పూర్తిగా! మధ్యలో ప్రోగ్రామ్ ఆగిపోయినా పాత ఫైల్ భద్రంగా ఉంటుంది.

ఎక్కడ పనికిరాదు?

ఒక్క రికార్డు మార్చాలన్నా మొత్తం మళ్లీ తయారు చేయాల్సిందే. కాబట్టి నిమిషనిమిషానికీ మారే బ్యాంకు బ్యాలెన్స్‌కి, చాటింగ్‌కి ఇది కుదరదు. ఫైల్ 4 జీబీ దాటకూడదు. అరుదుగా మారి, తరచూ వెతికే జాబితాలకి మాత్రం భలే కుదురుతుంది.

ఇంకో సంగతి. టెక్స్ట్ ఫైల్ మార్చి, కమాండ్ మళ్లీ నడపకపోతే పాత జవాబులే వస్తాయి. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌లో ఇదే పనికి ‘పోస్ట్‌మ్యాప్’ కమాండ్ ఉంది. టెక్స్ట్ ఫైల్ కంటే డేటాబేస్ పాతబడితే పోస్ట్‌ఫిక్స్ హెచ్చరిస్తుంది కూడా.

అసలు సరుకు టెక్స్ట్ ఫైలే

2013లో ఒరాకిల్ సంస్థ బర్క్‌లీ డీబీ లైసెన్స్ మార్చింది. కొన్ని లినక్స్ పంపిణీలు క్రమంగా దాన్ని పక్కన పెడుతూ వచ్చాయి. పోస్ట్‌మ్యాప్ వాడేవాళ్లు సెట్టింగ్ మార్చి, అవే టెక్స్ట్ ఫైళ్ల మీద కమాండ్ మళ్లీ నడిపితే కొత్త రకం డేటాబేస్ తయారవుతుంది. కాబట్టి డేటాబేస్ పోయినా కంగారు లేదు, టెక్స్ట్ ఫైల్‌ని మాత్రం బ్యాకప్‌లో పెట్టుకోండి.

ప్రయత్నిస్తారా? ఉబుంటు, డెబియన్‌లలో ‘టైనీసీడీబీ’ ప్యాకేజీ దొరుకుతుంది. అందులో బైట్లు లెక్కపెట్టే పని లేకుండా, లైన్‌కి ఒక కీ, ఒక వాల్యూ రాసిచ్చే సదుపాయమూ ఉంది. మీ జిల్లా పిన్‌కోడ్‌లతోనే మొదలెట్టండి!