దూరం పెరిగింది, సమయం తగ్గింది

2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం దారి మార్చింది. అంతకుముందు అది పడమరగా, అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. కొత్త దారి తూర్పుగా, పసిఫిక్ మీదుగా సుమారు 15,300 కిలోమీటర్లు. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గి, పద్నాలుగున్నర గంటలకు దిగింది.

నిజానికి ఈ రెండూ దగ్గరి దారులు కావు. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే అది హిమాలయాలు దాటి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ దాకా పోయి కిందికి దిగుతుంది. దాని పొడవు సుమారు 12,400 కిలోమీటర్లే. కానీ టిబెట్ పీఠభూమి అడ్డం. విమానంలో గాలి పీడనం పడిపోతే ప్రయాణికులు ఊపిరి తీసుకోవడానికి పైలట్ వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. అక్కడ నేలే అంతకంటే ఎత్తులో ఉంది!

ఇక అసలు విషయం. విమానం ఎగిరేది గాలిలో. ఆ గాలి ఒకచోట నిలిచి ఉండదు. మన ఉత్తరార్ధగోళంలో సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలు వీస్తుంటాయి. ఉష్ణమండలపు వేడిగాలికి, ధ్రువాల చల్లగాలికి మధ్య తేడా వాటిని పుట్టిస్తుంది. భూభ్రమణం వాటిని తూర్పుకు తిప్పుతుంది. 1920లలో జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలుల్ని కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని ఆ ఫలితాల్ని ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. పాపం, పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు లెక్క చూద్దాం. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే, పద్నాలుగున్నర గంటల్లో 13,050 కిలోమీటర్లే వెళ్లగలదు. మిగతా 2,250 కిలోమీటర్లూ వెనక నుంచి వీచే గాలి మోసుకుపోయినవే. అంటే నేల మీద పొడవైన దారి గాలిలో పొట్టిదయింది. ఇంధనం ఖర్చయ్యేది ఈ గాలిలోని దూరానికే.

‘భూమి కింద తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లే విమానమే ముందు చేరాలి’ అని కొందరికి అనిపిస్తుంది. అలా జరగదు. భూమితో పాటు వాతావరణమూ తిరుగుతుంది. తేడా తెచ్చేది ఆ వాతావరణంలో వీచే గాలే. చలికాలంలో అది మరింత బలపడుతుంది. అందుకే ఒకే విమానానికి టికెట్ మీద వేసే సమయం కాలాన్ని బట్టి మారుతుంది.

వెళ్లేటప్పుడు కలిసొచ్చిన గాలి, వచ్చేటప్పుడు ఎదురైతే లెక్క సరిపోతుందా? సరిపోదు. విమానానికి అదే 900 వేగం, దూరం 7,875 కిలోమీటర్లు, గాలి గంటకు 150 కిలోమీటర్లు అనుకుందాం. గాలివాటున ఏడున్నర గంటలు, ఎదురుగాలిలో పదిన్నర, మొత్తం 18. అసలు గాలే లేకపోతే పదిహేడున్నరే. ఎదురుగాలిలో వేగం తగ్గడమే కాదు, ఆ తగ్గిన వేగంతో ఎక్కువ గంటలు ఎగరాలి. అందుకే విమాన సంస్థలు వీలైన చోట తిరుగు ప్రయాణానికి వేరే దారి వెతుకుతాయి.