వంటయింటి పొగ: విద్యార్థులకు తత్త్వశాస్త్ర ప్రవేశము

తత్త్వశాస్త్రమనగానే మన యిండ్లలో పెద్దలకు గౌరవమును, పిల్లలకు భయమును కలుగుచుండును. అది వయసు మీరినవారు విశ్రాంతివేళ చదువుకొను విషయమని పలువురి భావము. ఆ భావము సరియైనది కాదని మాకు తెలియజెప్పినది తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో భారతీయ దర్శనములను గూర్చి ప్రసంగించుటకు మేము వెళ్లితిమి. న్యాయము, వైశేషికము, సాంఖ్యము, యోగము, పూర్వమీమాంస, వేదాంతము అని ఆరు పేర్లను, వాని సూత్రకర్తల పేర్లను వరుసగా చెప్పితిమి. పిల్లలు మర్యాదగా వినిరి. కొందరు మర్యాదగానే కునికిరి. సందేహములున్న అడుగుడనగా, ఒక బాలిక లేచి, "ఇది పరీక్షలో వస్తుందా అండీ?" అని అడిగెను. రాదనగా కూర్చుండెను. తప్పు ఆ బాలికది కాదు, మాది. ఎవరును వేయని ప్రశ్నలకు మేము జవాబులు పంచిపెట్టితిమి.

రెండవమారు వెళ్లినప్పుడు పేర్లను విడిచి ఒక్క ఉదాహరణమును తీసికొంటిమి. కొండమీద పొగ కనబడుచున్నది. నిప్పు కనబడుట లేదు. అచట నిప్పున్నదని ఎట్లు చెప్పగలము? మన తార్కికులు ఈ యూహను ఐదు మెట్లుగా విభజించిరి. కొండమీద నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ యున్నది కావున అనుట హేతువు. పొగ యున్నచోటనెల్ల నిప్పుండును, వంటయింటిలో వలె, అనుట ఉదాహరణము. ఈ కొండయు అట్టిదే యనుట ఉపనయము. కావున ఇచట నిప్పున్నదనుట నిగమనము.

"అట్లయిన నిప్పున్నచోటనెల్ల పొగ యుండునా?" అని మేము తిరిగి అడిగితిమి. ఉండునని తరగతి యంతయు పలికెను. వెనుక బల్లనుండి ఒక బాలుడు, "మా గ్యాసు పొయ్యిలో మంట ఉంటుంది గాని పొగ రాదండీ" అనెను. ప్రాచీనులు ఇందుకే ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండును ఉదాహరించిరి. నిప్పు ఒక్కటియే చాలదు. తడికట్టె తోడైననే పొగ పుట్టును. ఇట్టి తోడునకు ఉపాధి యని పేరు.

అంతట ఆ బాలికయే లేచి, "పొయ్యి ఆర్పేసిన తరవాత కూడా గదిలో పొగ ఉంటుంది కదండీ, అప్పుడు నిప్పేదీ?" అని అడిగెను. మేము వెంటనే సమాధానము చెప్పలేక, ఆలోచించి చెప్పెదమంటిమి. ఇంటికి వచ్చి గ్రంథములు వెదకగా, కేశవమిశ్రుడు తన తర్కభాషలో ఉత్త పొగ యనక, మొదలు తెగక ఆకాశమునకు లేచు పొగచార యని చెప్పినట్లు కనబడెను. శాస్త్రకారుడు జాగ్రత్తపడిన చోటనే, శాస్త్రము చదువని బాలిక నిలిచి ప్రశ్నించినది.

17వ శతాబ్దమునకు చెందిన అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. ఆయన తన తర్కసంగ్రహమును బాలురకు సులభముగా బోధపడుటకై రచించుచున్నట్లు మొదటనే చెప్పుకొనెను. బాలుడనగా చంటిపిల్లవాడు కాదనియు, ఇతర విద్యలు చదివి తర్కము మాత్రము నేర్వనివాడనియు వ్యాఖ్యాతలు వివరించిరి. మన ఉన్నత పాఠశాల విద్యార్థికి ఈ నిర్వచనము చక్కగా సరిపడుచున్నది.

అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ అను ఆచార్యుడును ఈ మార్గమునే త్రొక్కెను. విశ్వవిద్యాలయమునకు వచ్చిన పిదప ఆలోచించుట నేర్పబూనిన ఆలస్యమగునని తలచి, 1974లో బాలుర కొఱకు ఒక నవలను ప్రకటించెను. గ్రహములన్నియు సూర్యుని చుట్టు తిరుగును గనుక, సూర్యుని చుట్టు తిరుగు తోకచుక్కయు గ్రహమేయని అందలి బాలుడు తరగతిలో పొరపడును. 'అన్నియు' అను వాక్యమును తలక్రిందులు చేసిన సత్యము నిలువకపోవచ్చునని ఆ పొరపాటునుండి తానే గ్రహించును. మన గ్యాసు పొయ్యి బాలుడు కనిపెట్టినదియు ఇదియే.

ఇది వినోదము మాత్రము కాదు. ఫలానా ఆకురసము త్రాగగా జ్వరము తగ్గినది, కావున దానివలననే తగ్గినది అను మాట నేడు చేతిఫోనులలో క్షణకాలమున ఎన్నో యిండ్లకు చేరుచున్నది. దానంతటదే తగ్గు జ్వరము లేదా యని అడుగగల బిడ్డ యున్న ఇల్లు అంత సులభముగా మోసపోదు. అయితే ఆ బిడ్డయే రేపు మన మాటకును హేతువు నడుగును. పెద్దల కెదురు చెప్పవద్దని గదమాయించినచో శాస్త్రము అచటనే ముగియును. తెలియనప్పుడు "ఆలోచించి చెప్పెదను" అనుటకు మనము సిద్ధపడవలెను.

మూడవమారు మేము సమాధానముతో ఆ పాఠశాలకు వెళ్లితిమి. బాలిక శ్రద్ధగా విని, "అయితే దూరం నుంచి చూసేవాడికి అది పొగో, మంచో ఎలా తెలుస్తుందండీ?" అని మరియొక ప్రశ్న వేసెను. ఆనాడు పరీక్షను గూర్చి ఎవరును అడుగలేదు.